ఆవిరి వాటా

సోమవారం పొద్దున కంపెనీ బస్సు చెరువు కట్ట దగ్గర ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా చేపలు పోసి ఉన్నాయి. బొచ్చెలు, శీలావతులు, ఇంకా వేలెడు కూడా ఎదగని పిల్లలు. కళ్లు తెల్లబడి, పొట్టలు ఉబ్బి ఉన్నాయి. ముందు సీట్లలోవాళ్లు కిటికీలు మూసుకున్నారు.

డ్రైవరు వెనక్కి తిరిగి, "మెళ్లో కార్డులు తీసి సంచుల్లో పెట్టుకోండి," అన్నాడు.

ఉషశ్రీ తీసింది. తాడు జడపిన్నుకు తగులుకుని ఓ పట్టాన రాలేదు. కార్డు మీద ఆమె పేరు, కింద ఎన్విరాన్‌మెంట్ ఆఫీసర్ అని ఉంటుంది. మందుల కంపెనీలకు ముడిసరుకు తయారుచేసే ఆ ఫ్యాక్టరీ మైలవరం దాటాక వస్తుంది. దాని గోడ బయటికి ఒక్క చుక్క మురికినీరు పోకుండా చూడటమే ఆమె ఉద్యోగం. ఆరేళ్లుగా భవానీపురం నుంచి ఇదే బస్సులో వస్తోంది. ఈ చెరువును రోజూ చూస్తుంది గానీ, దీని పేరేమిటో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

కట్ట మీద నలభై యాభై మంది ఉన్నారు. ఎవరూ అరవడం లేదు. ఒకావిడ అల్యూమినియం తట్టను తొడకు ఆనించుకుని బస్సు కిటికీల్లోకి ఒక్కొక్కటిగా చూస్తూ నడిచింది. ఉషశ్రీ తల దించుకుని సంచిలో ఏదో వెతుకుతున్నట్టు కూర్చుంది. ఎస్సై వచ్చి మాట్లాడాక ముప్పావుగంటకు దారి వదిలారు. టైర్ల కింద చేపలు చితుకుతున్న చప్పుడు బస్సులో అందరికీ వినిపించింది.

ప్రొడక్షన్ మేనేజర్ హర్షవర్ధన్ ఆమె కోసమే ఎదురు చూస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి. కూర్చుని మాట్లాడటం అలవాటు లేదు. చేతిలో ఫోన్ తిప్పుతూ గది ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే చెప్పాడు.

"నిన్న పొల్యూషన్ బోర్డువాళ్లు వచ్చి వాగులో, చెరువులో నీళ్లు పట్టుకెళ్లారు. షోకాజ్ ఇచ్చారు. శుక్రవారం విజయవాడలో హియరింగ్. అసలు కారణం ఏమిటో రాసి తీసుకురమ్మన్నారు. మన ఫారమ్ ఉందిగా, అయిదుసార్లు ఎందుకు అని అడిగేది. అది నింపండి."

"కనుక్కుని రాస్తానండి."

"కనుక్కునేదేముంది ఉషగారూ? శనివారం పొద్దున లాజరు డ్యూటీలో ఉన్నాడు. వాననీటి కాలవలోకి పోయే వాల్వు తెరిచాడు. ఆపరేటర్ నిర్లక్ష్యం. అయిదు గడులూ దాంతోనే సర్దేయండి. లాజరుతో మాట్లాడాను. ఒప్పుకున్నాడు."

"ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు," అన్నాడు హర్షవర్ధన్. అప్పటికే ఫోన్ మోగింది.

*

మురికినీటిని శుద్ధిచేసే చోటును ఈటీపీ అంటారు. అది ఫ్యాక్టరీకి వెనక, గోడవారన ఉంటుంది. అక్కడికి సందర్శకులను తీసుకురారు. లాజరు సున్నపు తొట్టి దగ్గర ఉన్నాడు. యాభై రెండేళ్లుంటాయి. బస్తా మూతి కుట్టు ఒక్క దారం లాగి విప్పి, సున్నం ఎగరకుండా బస్తాను నీటి మట్టానికి దగ్గరగా వంచి మెల్లగా జారవిడిచాడు. తర్వాత పంపు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. ఆ పంపు మోత మారితే అతనికి చేతికి తెలుస్తుంది. మీటరు చూసేది దాని తర్వాతే.

"వచ్చారా మేడం," అన్నాడు.

ఉషశ్రీ అతన్ని దాటి ఎవాపరేటర్ దగ్గరకు వెళ్లింది. మూడంతస్తుల ఎత్తున పక్కపక్కనే నిలబెట్టిన నాలుగు స్టీలు గొట్టాలు. ఫ్యాక్టరీలోంచి వచ్చే ఉప్పు మురికినీటిని ఆవిరితో మరిగించి, మంచినీటిని ఒకవైపు, ఉప్పును ఒకవైపు వేరుచేయడం దాని పని. అది నడిస్తే బయటికి చుక్క పోదు. ఆవిరి వచ్చే పైపును ఆమె వేళ్లతో ముట్టుకుంది. చల్లగా ఉంది. పైపుకు చుట్టిన తొడుగు సందులో పిచ్చుక గడ్డి పెట్టుకుంది.

"ఇది ఆగి ఎన్నాళ్లయింది లాజరుగారూ?"

"మీకు తెలియదామ్మా?"

అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఆమె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో పెట్టుకుంది.

లాజరు గదిలోంచి లాగ్‌బుక్ తెచ్చాడు. గుండ్రటి అక్షరాలు. ఎనిమిదో తరగతి దాకా మిషన్ స్కూల్లో నేర్చుకున్న రాత. ప్రతిరోజూ ఒకటే వరుస: ఆవిరి రాలేదు. పెద్ద ట్యాంకు నూటికి ఇంత నిండింది. డెబ్భై, డెబ్భై నాలుగు, ఎనభై. శుక్రవారం దగ్గర తొంభై ఎనిమిది అని రాసి కింద గీత గీశాడు. శనివారం తెల్లవారుజామున పెద్ద వాన.

"ఆరింటికి ట్యాంకు అంచు తాకింది," అన్నాడు. "అటు పొంగితే మండే సాల్వెంటు డ్రమ్ములున్నాయి. కరెంటు ప్యానెల్ ఉంది. ఇటు వదిలితే వాగు, దాని చివర చెరువు. మా వూరి చెరువు అని తెలియకుండా వదిలానా? ఆ చెరువు సొసైటీలో నాకూ వాటా ఉంది. మా ఆవిడ ఆ చేపలే మైలవరంలో అమ్ముద్ది."

"మరి ఎందుకు ఒప్పుకున్నారు?"

లాజరు చేతికంటిన సున్నం దులుపుకున్నాడు.

"హర్షసారు చెప్పాడమ్మా. నువ్వు నా తప్పేనంటే బోర్డువాళ్లు మందలించి వదిలేస్తారు, లేదంటే తాళం వేస్తారు అన్నాడు. మా పేట నుంచే ముప్పై మంది ఇక్కడ పని చేస్తున్నారు. ఒక్కడి పేరు పోతే పోయింది."

అతను లాగ్‌బుక్ మూసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ శనివారం పొద్దున ఇంకేం జరిగిందో అతనూ ఎత్తలేదు, ఆమే ఎత్తలేదు.

*

మంగళవారం ఉషశ్రీ ఒకచోట కూర్చోలేకపోయింది. ఫారమ్ తెరిచేది, మూసేది. మొదటి గడిలో 'ట్యాంకు నిండింది' అని రాసింది. ఎందుకు? 'ఎవాపరేటర్ ఆగింది.' ఎందుకు? 'ఆవిరి లేదు.' అక్కడ లేచి బాయిలర్ షెడ్డుకు నడిచింది.

చక్రి బాయిలర్ నోట్లోకి ఊక పోయే గొట్టాన్ని కర్రతో తట్టి కూరుకున్నదాన్ని విడదీస్తున్నాడు. సర్టిఫికెట్ ఉన్న ఆపరేటర్. పదేళ్లుగా ఇక్కడే. కనుబొమల నిండా ఊక నుసి. మిల్లుల నుంచి వచ్చే ఊకే ఈ బాయిలర్‌కు తిండి.

"ఈటీపీకి ఆవిరెందుకు ఇవ్వడం లేదు చక్రీ?"

అతను కర్ర గోడకు ఆనించి, తల పైకెత్తి చూపించాడు. బాయిలర్ నుంచి ఒక లావుపాటి పైపు వచ్చి రెండుగా చీలుతుంది. వాల్వులు తిప్పే రెండు చక్రాలు. ఒకటి ప్రొడక్షన్‌లో సరుకు వండే రియాక్టర్లకి, రెండోది ఎవాపరేటర్‌కి. మొదటి చక్రం అంచు చేతులు తగిలి తగిలి మెరుస్తోంది. రెండో దానికి తుప్పు.

"ఒకటే బాయిలర్ మేడం. మూడు రియాక్టర్లున్నప్పుడు రెండింటికీ సరిపోయేది. ఇప్పుడు ఆరయినాయి. ఆరూ నడిస్తే మీకు మిగిలేది టీ కాచుకోడానికి కూడా చాలదు. మీ చక్రం తిప్పితే అటు ప్రెషర్ పడుద్ది, బ్యాచ్ పాడయిద్దని ఫోనొస్తది. ఇటు ఆపితే ఫోన్ రాదు."

"రెండో బాయిలర్?"

చక్రి షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. సిమెంటు దిమ్మె, దానిలోంచి పైకి పొడుచుకొచ్చిన బోల్టులు. దిమ్మె మీద ఊక బస్తాలు పేర్చి ఉన్నాయి. రియాక్టర్లు ఆరుకు పెంచడానికి అనుమతి అడిగినప్పుడు, రెండో బాయిలర్ పెడతామని రాసిచ్చారు. ఆ కాగితం ఉషశ్రీ దగ్గర ఫైల్లో ఉంది. ఏటా దానికి ఒక నకలు తీసి బోర్డుకు పంపేది ఆమే. దిమ్మెను మాత్రం ఇప్పుడే చూసింది.

"మొన్న శనివారానికి ఎన్ని రోజులయింది మా చక్రం తిప్పి?"

చక్రి షీట్లు తిరగేశాడు. "నలభై ఒకటి."

ఆమె తన గదికి వచ్చి తలుపు దగ్గరకు వేసింది. కంప్యూటర్‌లో తను రోజూ నింపే షీటు తెరిచింది. ఎవాపరేటర్ నడిచిన గంటలు: పద్దెనిమిది. మరుసటి రోజు: పద్దెనిమిది. ఒక రోజు పదిహేడున్నర. మరీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని తనే మార్చింది. నలభై ఒక్క రోజులు, నలభై ఒక్క సంతకాలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో హర్షవర్ధన్ ఒకసారి, "మిషన్ రేపు నడుస్తుంది, ఇవాళ్టికి వేసేయండి" అన్నాడు. ఆ తర్వాత అతను ఎప్పుడూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మధ్యాహ్నం క్యారియర్ విప్పి, ముద్ద కలిపి, మళ్లీ మూసేసింది.

నాలుగో గడి దగ్గర మౌస్ ఆగింది. శనివారం పొద్దున ఆరూ పదికి లాజరు ఫోన్ చేశాడు. ఆమె వంటింట్లో ఉంది. కూతురు అక్షయకు ఆ రోజు స్లిప్ టెస్టు. ఒకచేత్తో దోసె తిప్పుతూ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కుకుంది. "మేడం, ట్యాంకు పొంగుతోంది. హర్షసారు ఎత్తడం లేదు. వాల్వు తియ్యమంటారా?" అన్నాడు. తియ్యమని ఆమె అనలేదు. వద్దనీ అనలేదు.

"ఏదో ఒకటి మీరే చూసుకోండి లాజరుగారూ," అంది.

దోసె మాడలేదు. అది కూడా ఆమెకు గుర్తుంది.

బుధవారం సాయంత్రానికి రెండు పేజీలు రాసింది. అయిదు గడులు చాలక వెనక కాగితం జతచేసింది. బాయిలర్, ఆరు రియాక్టర్లు, దిమ్మె, తన షీట్లు, ఆ ఫోన్ కాల్. 

*

కంపెనీ యజమాని వెంకటకృష్ణారావు గురువారం వచ్చాడు. అరవై దాటిన మనిషి. కూచిపూడి దగ్గర ఇప్పటికీ పొలం చేయిస్తాడు. ఫ్యాక్టరీకి వచ్చినా పంచె కట్టులోనే వస్తాడు. హర్షవర్ధన్‌ను బయట ఉండమని, ఉషశ్రీని కూర్చోమన్నాడు. రెండు పేజీలూ వేలు వెంట నడిపిస్తూ చదివాడు.

"ఇదంతా నిజమేనా అమ్మా?"

"నిజమేనండి."

"ఇది పంపితే ఏం చేస్తారు?"

"ఉత్పత్తి ఆపమంటారండి."

"ఆపరేటర్ తప్పని పంపితే?"

"జరిమానా వేసి హెచ్చరిస్తారు."

ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు. "నిజం చెప్పినవాడికి తాళం, అబద్ధం చెప్పినవాడికి హెచ్చరిక. అట్టా అయితే ఎవడు చెబుతాడమ్మా నిజం?"

కోపంగా అనలేదు. విత్తనాల కొట్టులో రేటు అడిగినట్టు అడిగాడు.

"బాయిలర్ పెట్టకూడదని నాకేం పంతం లేదు. దిమ్మె కట్టించింది నేనేగా. కట్టించిన ఏడాది సరుకు ధర పడిపోయింది. ఆ మరుసటేడు, అవతల యూనిట్‌వాడు ఏదీ పెట్టకుండానే కిలోకు నలభై తగ్గించి అమ్మాడు. కొనేవాడు నీ ఎవాపరేటర్ నడుస్తోందా అని అడగడు, రేటెంత అని అడుగుతాడు. వాడు పెడితే నేనూ పెడతానని కూర్చున్నా. వాడూ నా గురించి అదే అంటున్నాడంట."

"చెరువు, అండీ..."

"చెరువువాళ్లను నేను చూస్తా. ఈ సీజన్ చేపలు పోయినట్టేగా, ఎంతో కొంత ముట్టజెబుతా. లాజరును తీసేయను. మాటిస్తున్నా. మైలవరం గోడౌన్‌లో వేస్తా, నీడపట్టున ఉంటాడు." కాగితాలు బల్ల మీదుగా ఆమె వైపు తోశాడు. "రెండొందల మంది, అమ్మా. నువ్వే ఆలోచించు."

ఆలోచించడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. ఆ తర్వాత చాలాసార్లు గుర్తొచ్చి ఆమెను కలవరపెట్టింది అదే. గదిలోకి వెళ్లి, తలుపు తీసి ఉంచే, కొత్త ఫారమ్ తెరిచింది. నిజం రాయడానికి రెండు పేజీలు పట్టాయి. ఇది నాలుగు వరుసల్లో అయిపోయింది. ఆపరేటర్ అజాగ్రత్త వల్ల వాల్వు తెరుచుకుంది. ప్రింటు తీసి సంతకం చేసింది.

లాజరు సంతకం కూడా కావాలి. ఆ రోజు అతనికి సెలవు. కంపెనీ కారులో సాయంత్రం అయిదింటికి వాళ్ల పేటకు వెళ్లింది.

ఇంటి ముందు బోర్లించిన తట్టలు వరసగా ఎండుతున్నాయి. సోమవారం బస్సు కిటికీల్లోకి చూసినావిడే అరుగు మీద కూర్చుని ఉంది. లాజరు భార్య అమలమ్మ. ఉషశ్రీని ఆమె గుర్తుపట్టిందో లేదో గానీ కుర్చీ వేసింది. లాజరు లోపలి నుంచి చొక్కా తొడుక్కుంటూ వచ్చి, కాగితం చదవకుండానే పెన్ను కోసం చెయ్యి చాపాడు.

"ఆగు," అంది అమలమ్మ. ఉషశ్రీ వైపు తిరిగింది. "మొన్న ఆదివారం గుడిలో ప్రార్థనప్పుడు మా ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదమ్మా. చాప మీద అంత జాగా వదిలేశారు. నేను అడిగా, ఎందుకు వదిలావయ్యా అని. మేడంకి చెప్పాకే వదిలానన్నాడు. చెప్పాడా?"

"చెప్పారు," అంది ఉషశ్రీ.

"మరి ఈ కాగితంలో ఉందా అది?"

గేదె ఒకటి గుంజ చుట్టూ తిరిగి తాడు బిగించుకుంది. ఉషశ్రీ దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"అమలా, మేడంకి మంచినీళ్లు తెచ్చిపెట్టు," అన్నాడు లాజరు. మోకాలి మీద కాగితం పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో పూర్తి పేరు రాశాడు.

*

శుక్రవారం విజయవాడలో ఎండ మండిపోతోంది. బోర్డు ఆఫీసు మెట్ల దగ్గర హర్షవర్ధన్ లాజరుకు మళ్లీ ఒకసారి చెప్పాడు. "అడిగిందానికే చెప్పు. పొరపాటయింది, మళ్లీ జరగదు. అంతే." లాజరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. అతను పెళ్లికి వచ్చినవాడిలా ఉన్నాడని ఉషశ్రీకి అనిపించింది. చూడలేక ముందు నడిచింది.

విచారణ చేసే ఇంజనీరు నలభై అయిదేళ్లావిడ. బల్ల మీద ఫైళ్ల దొంతర, పక్కన సగం తాగిన మజ్జిగ గ్లాసు. ఒక్కో కంపెనీకి పావుగంట. రిపోర్టు చదివి లాజరు వైపు చూసింది.

"మీరేనా ఆపరేటర్?"

"అవునండి. పొరపాటయిందండి. మళ్లీ జరగదండి."

"ఏం చదువుకున్నారు?"

"ఎనిమిదండి."

ఆమె హర్షవర్ధన్ వైపు తిరిగింది. "చూశారా, ఇదీ సమస్య. ఏ వాల్వు తెరవాలో ఏది తెరవకూడదో తెలియని మనిషిని తెచ్చి ఇంత ప్లాంటు మీద పెడతారు. పని నేర్పరు."

"నేర్పిస్తామండి," అన్నాడు హర్షవర్ధన్ వెంటనే. అతని మొహంలో బరువు దిగింది. "నెల రోజుల్లో ట్రైనింగ్ పెట్టి సర్టిఫికెట్లు మీకు పంపిస్తాం."

ఆవిడ కాగితం మీద రాసుకుంటూ పైకే చదివింది. "పని తెలియని ఆపరేటర్. శిక్షణ లేదు."

"తెలుసండి," అన్నాడు లాజరు.

పెన్ను ఆగింది. హర్షవర్ధన్ తల తిప్పి చూశాడు.

"ఏమిటి?"

"పని నాకు తెలుసండి." లాజరు చేతులు కట్టుకునే ఉన్నాడు. గొంతు పెంచలేదు. "పంతొమ్మిదేళ్లుగా అదే పని చేస్తున్నానండి. ఆ మిషన్ బిగించేటప్పుడు కంపెనీ మనిషి వస్తే, ఆయన పక్కన ఉండి ప్రతి నట్టూ పట్టుకున్నా. ఏ గొట్టంలో ఉప్పు పట్టిందో మోతను బట్టి చెబుతా. పొరపాటని రాసుకోండి, నాకేం లేదు. పని తెలియదని మాత్రం రాయొద్దండి."

"తెలిస్తే వాగులోకి ఎందుకు వదిలారు?"

"ఆవిరి లేదండి. నలభై ఒక్క రోజులు మిషన్‌కు ఆవిరి రాలేదు. ట్యాంకు నిండింది. వదలకపోతే ప్యానెల్ మీదకు పోద్ది. అది కాలితే షెడ్డులో ఎనిమిది మందున్నారు."

అనుకోకుండా అనేసిన మాట కాదది, అలాగని ముందే అనుకొచ్చిందీ కాదు. అన్నాక అతను కొంచెం ఆశ్చర్యంగా తన చేతుల వైపు చూసుకున్నాడు.

ఇంజనీరు ఫైల్లోంచి ఒక షీటు బయటికి లాగి ఉషశ్రీ ముందు పెట్టింది. "ఇక్కడ రోజుకు పద్దెనిమిది గంటలు నడిచిందని ఉంది. మా స్క్రీన్ మీద కూడా మీ కంపెనీ గడి పచ్చగానే ఉంది. ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"నడిచిందా?"

హర్షవర్ధన్ బూటు ఉషశ్రీ చెప్పుకు తగిలింది. తగిలించాడో, తగిలిందో.  పక్కన లాజరు ఆమె వైపు చూడటం లేదు. చూసి ఉంటే చెప్పగలిగేది కాదేమో.

"నడవలేదండి. అంకెలు నేను వేసినవి. మీ స్క్రీన్‌కి లెక్క పంపే మీటరు మురికినీటిలో కాదు, బోరునీళ్ల డబ్బాలో ఉంటుంది. నేను చేరేటప్పటికే అందులో ఉంది, నేనూ తీయలేదు. శనివారం పొద్దున లాజరుగారు వాల్వు తియ్యమంటారా అని నాకు ఫోన్ చేశారు. మీరే చూసుకోమన్నాను. రెండో బాయిలర్ లేదు. దిమ్మె ఒక్కటే ఉంది."

ఫ్యాన్ గాలికి కాగితాలు లేస్తుంటే ఇంజనీరు మజ్జిగ గ్లాసు తీసి వాటి మీద పెట్టింది. 

"ఇది రాసుకుంటే నేను ఫ్యాక్టరీ ఆపించాలి," అంది చివరికి. అలసిపోయిన గొంతు. "రాసుకోకపోతే పావుగంటలో అయిపోయేది. నాకు ఇద్దరే మనుషులు, వందకు పైన కంపెనీలు. పచ్చగా ఉన్న గడి ఎందుకు పచ్చగా ఉందని వెళ్లి చూసే తీరిక నాకూ ఎప్పుడూ లేదు." పెన్ను మూత మళ్లీ తీసింది. "ఇందాక ఏమన్నారు? నలభై ఒకటా?"

"నలభై ఒకటండి," అన్నాడు లాజరు.

*

శనివారం ఉత్తర్వు వచ్చింది. రియాక్టర్లన్నీ ఆపాలి. ట్యాంకుల్లో నిలవున్న మురికినీరంతా ఎవాపరేటర్‌లో శుద్ధిచేసి ఖాళీ చేయాలి. ఖాళీ అయ్యేదాకా రోజువారీ లెక్కలకు ఉషశ్రీ పేరునే బాధ్యురాలిగా పెట్టారు. అందుకని కంపెనీ ఆమెను వెంటనే తీసేయలేకపోయింది. అది పూర్తయ్యాక ఏమిటన్నది ఎవరూ చెప్పలేదు.

బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉండటం మొదలైంది. కాంట్రాక్టువాళ్లను రావద్దన్నారు. గేటు దగ్గర ఎలిజబెత్ అనే ప్యాకింగ్ సెక్షన్ అమ్మాయి, హాజరు కార్డు తిరిగిచ్చేయడానికి వచ్చి, ఆమెను చూసి ఆగింది. "మీరు నిజం చెప్పారంట మేడం. మంచిదే. మాకు పని ఎప్పుడు మొదలవుద్దో అది కూడా చెప్పండి," అంది.  ఆ పిల్ల చెప్పులీడ్చుకుంటూ ఆటో ఎక్కింది.

ఆదివారం పొద్దున ఆరింటికి చక్రి, లాజరు ఇద్దరూ కలిసి తుప్పు పట్టిన చక్రాన్ని తిప్పారు. కిరసనాయిలు పోసి, పట్టు కోసం గొట్టం తగిలించి, ఒకరి తర్వాత ఒకరు బలం పట్టారు. ముందు పైపులో నీళ్లు టకటకా కొట్టుకున్నాయి. తర్వాత మొత్తం బాయిలర్ ఆవిరి, రియాక్టర్లు తినేయని ఆవిరి, ఎవాపరేటర్‌లోకి వచ్చింది. మూడంతస్తుల మిషన్ వణికి, కుదురుకుని, ఒకే శ్రుతిలో మోగసాగింది. లాజరు దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఒకచోట తట్టేవాడు, ఒకచోట చెవి పెట్టేవాడు. కూర్చుని అన్నం తినమంటే నిలబడే తినేవాడు.

మొదటిరోజు వచ్చిన నీటిని ఉషశ్రీ సీసాలో పట్టి ల్యాబ్‌లో పరీక్షించింది. అందులో ఉప్పు ఉండాల్సినదానికి మూడింతలు ఎక్కువ వచ్చింది. అలాగే రాసింది. రెండో రోజు గొట్టాల్లో పేరుకున్న ఉప్పును లాజరు ఆసిడ్‌తో కడిగాడు. మూడో రోజు అంకె సగానికి పడింది. అంకె మారుతుంటే చూడటం ఆమెకు కొత్తగా ఉంది. ఇన్నేళ్లూ ఆమె షీట్లో అంకెలకు కదలడమే తెలియదు.

అయిదో రోజు వెంకటకృష్ణారావు వచ్చాడు. పంచె ఎత్తిపట్టుకుని నిచ్చెన ఎక్కి పెద్ద ట్యాంకులోకి తొంగిచూశాడు. అడుగు కనపడుతోంది. గోడల మీద నీటిచారలు ఒకదాని కింద ఒకటి.

"అయిదు రోజులకే ఇంత దిగిందా?" అన్నాడు.

"రేపటికి పూర్తిగా అయిపోద్దండి," అన్నాడు లాజరు.

"ఈ మిషన్ పనికిరానిదని చెప్పారే నాకు. అసలు నీళ్లు తీయదన్నారు."

ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. ఆయన దిగి ఉషశ్రీ దగ్గరకు వచ్చాడు. "మూడు రియాక్టర్లే నడిపితే?"

"రెండు వైపులా ఆవిరి చాలుతుందండి."

"మూడింటితో జీతాలు రావు."

"తెలుసండి."

"బాయిలర్ రావడానికి ఆరు నెలలు." తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఇంకా ఏదో అడగబోయాడు.

అప్పుడు మోత మారింది.

ఉషశ్రీకి ముందు తెలియలేదు. లాజరు తల తిప్పిన తీరు చూసి తెలిసింది. అతను వెళ్లి పైపు మీద అరచెయ్యి పెట్టాడు. కాలిపోవాల్సిన పైపు మీద చెయ్యి అంతసేపు నిలబడింది. చెయ్యి తీసి, గదిలో ఉన్న ఫోన్ వైపు చూడనైనా చూడకుండా, బాయిలర్ షెడ్డు వైపు నడిచాడు. ఉషశ్రీ వెనకే పరుగులాంటి నడకతో వెళ్లింది. ఆమె వెనక యజమాని.

హర్షవర్ధన్ పైపుల కింద నిలబడి ఉన్నాడు. ప్రొడక్షన్ చక్రం తెరిచి ఉంది. చక్రి దూరంగా, ఊక గొట్టం దగ్గర, చేతులు వెనక్కి పెట్టుకుని నిలుచున్నాడు.

"నాలుగో రియాక్టర్లో సగం అయిన బ్యాచ్ ఉంది సార్," అన్నాడు హర్షవర్ధన్ యజమానితోనే. మొహం పాలిపోయి ఉంది. అతను కూడా ఈ వారం రోజులుగా నిద్రపోయినట్టు లేడు. "ఇప్పటికే చల్లారింది, ఇంకా ఆగితే గడ్డకట్టిపోతుంది. రెండు గంటలు చాలు. ఎవరికీ తెలియదు. మీరు ఊ అనండి."

అందరూ వెంకటకృష్ణారావు వైపు చూశారు. ఆయన పైకి, రెండుగా చీలిన పైపు వైపు చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి, నంబరేదో వెతుకుతున్నట్టు షెడ్డు గుమ్మం వైపు తిరిగాడు. ఊ అనలేదు. ఊహూ అనలేదు.

లాజరు ఆగింది ఆ కాసేపే. భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకుని, వేడి చక్రాన్ని పట్టుకున్నాడు. మూడు చుట్లు, నాలుగు. హర్షవర్ధన్ ఒక అడుగు ముందుకు వేశాడు గానీ చెయ్యి పట్టుకోలేదు. ఎనిమిదో చుట్టు దగ్గర చక్రం బిగిసింది. దూరంగా, గోడ అవతల, ఎవాపరేటర్ మోత మెల్లగా మళ్లీ ఎత్తుకుంది.

"టైమెంతయిందమ్మా?" అన్నాడు లాజరు.

"పదకొండూ ఇరవై."

"రాసుకోండి. ప్రొడక్షన్‌కి ఆవిరి ఆపాం."

ఉషశ్రీ కోటు జేబులోంచి పెన్ను తీసింది. చక్రి షీటు గోడకున్న అట్టకు క్లిప్పుతో పెట్టి ఉంది. వేళ గడిలో చెయ్యి ఆగకుండా రాసింది. పక్క గడి దగ్గర ఆగింది.

"ఎవరు ఆపారని రాయమంటారు?"

లాజరు చేతికి చుట్టుకున్న తువ్వాలు విప్పుతున్నాడు. అరచేతిలో రెండు చోట్ల ఎర్రగా కమిలింది.

"నా పేరే రాయండి," అన్నాడు. "లాజరు. ఆపరేటర్."